‘అభ్యంతరం లేదు’ అన్నవారే దోషులు

1870 సెప్టెంబరు 7, అర్ధరాత్రి దాటిన కొద్ది నిమిషాలకు, స్పెయిన్ వాయవ్య కొసన ఉన్న ఫినిస్టెర్ అగ్రానికి ఆవల నడిసముద్రంలో బ్రిటిష్ నావికాదళపు కొత్త యుద్ధనౌక ‘కెప్టెన్’ పక్కకు ఒరిగి, తిరగబడి, మునిగిపోయింది. 470 మందికి పైగా చనిపోయారు. పద్దెనిమిది మంది బతికారు. అరవై అయిదేళ్ల ముందు ట్రఫాల్గర్ యుద్ధంలో బ్రిటిష్ నౌకలన్నిటిలో కలిపి చనిపోయిన వారి కంటే ఈ ఒక్క ఓడలో పోయిన వారి సంఖ్య ఎక్కువ. ఆ రాత్రి ఎదుట శత్రువు లేడు. దళంలో చేరి ఆ ఓడకు నిండా అయిదు నెలలైనా కాలేదు.

దీనిపై పోర్ట్స్‌మత్ రేవులో ‘డ్యూక్ ఆఫ్ వెలింగ్టన్’ నౌక మీద సైనిక న్యాయస్థానం కూర్చుంది. నావికాదళ సంప్రదాయం ప్రకారం విచారణకు నిలబడినది బతికి బయటపడ్డవాళ్లు: గన్నర్ జేమ్స్ మే, అతని తోటివాళ్లు. వాళ్ల తప్పేమీ లేదని కోర్టు తేల్చింది. అంతటితో ఆగకుండా అసాధారణమైన మాట ఒకటి జోడించింది. పార్లమెంటులోనూ బయటా వ్యక్తమైన ప్రజాభిప్రాయానికి తలొగ్గి, నౌకా నిర్మాణం చూసే కంట్రోలర్ శాఖ అభిప్రాయాలకు విరుద్ధంగా ఈ ఓడను కట్టారని నమోదు చేసింది. ఆ తీర్పును లండన్ సెయింట్ పాల్ చర్చిలోని స్మారక ఫలకం మీద చెక్కారు.

అది సగం తీర్పు. ప్రజాభిప్రాయం ఒత్తిడి తెస్తుంది, అరుస్తుంది, పొరబడుతుంది. అయితే అది కాగితం మీద సంతకం పెట్టదు. కెప్టెన్ నౌక అడుగుదూలం పరచడానికి ముందే దాని నమూనా నావికాదళాన్ని నడిపే అడ్మిరల్టీ బల్ల మీదికి వచ్చింది. దాని బలహీనతను గుర్తుపట్టగల నిపుణులు ఆ బల్ల చుట్టూనే ఉన్నారు. ఆమోదించకుండా, తిరస్కరించకుండా, ‘అభ్యంతరం లేదు’ అనే మూడో దారి వెతుక్కున్నారు. ఈ పత్రిక దృష్టిలో ఆ నౌకను ముంచిన నేరం అక్కడ మొదలైంది.

అసలు ఆ ఓడ అలా ఎందుకు పుట్టిందో తెలియకుండా ఎవరి మీదా తీర్పు చెప్పకూడదు. 1853 నవంబరు 30న నల్లసముద్రంలోని సినోప్ రేవులో రష్యా నౌకలు పేలుడు గుండ్లతో టర్కీ కొయ్య ఓడలను తగలబెట్టాయి. గట్టి గుండు కొయ్యకు కన్నం పెడితే వడ్రంగి పూడుస్తాడు. లోపలికి చొరబడి పేలే గుండు ముందు ఏ వడ్రంగీ నిలవడు. రెండేళ్లకు, 1855 అక్టోబరు 17న, కిన్‌బర్న్ కోట ముందు ‘డెవాస్తాసియాన్’, ‘లావ్’, ‘తోనాంత్’ అనే మూడు ఫ్రెంచ్ తేలుడు ఫిరంగి వేదికలు ఇనుప రేకుల చాటున నిలిచి కోటను లొంగదీశాయి. తగిలిన గుండ్లు రేకుల మీద సొట్టలు పెట్టి జారిపోయాయి. అప్పటినుంచి యూరప్ నౌకా కర్మాగారాల్లో ఇనుము లేని యుద్ధనౌకకు కాలం చెల్లింది.

1859 నవంబరులో డ్యుప్యుయ్ ద లోమ్ రూపొందించిన ‘గ్లోయిర్’ తూలాన్‌లో నీటిలోకి దిగింది. కొయ్య పొట్టకు ఇనుప తొడుగు వేసిన ఓడ అది. దానికి జవాబుగా 1860 డిసెంబరులో బ్రిటన్ ‘వారియర్’ను దించింది. దాని పొట్టే ఇనుము. ఆ పొట్టకు నాలుగున్నర అంగుళాల కవచం. ఆ కవచం వెనక పద్దెనిమిది అంగుళాల టేకు. గుండు దెబ్బకు ఇనుము పగలకుండా ఆ అదురును టేకు మింగుతుంది. మన ఇళ్ల ద్వారబంధాలకు వాడే కలపే అది. దానికి అంతటి పని అప్పగించిన ఇంజనీర్ల తెలివిని మెచ్చుకోవాల్సిందే. ఆ ఓడ నేటికీ పోర్ట్స్‌మత్‌లో నీటి మీదే ఉంది.

కవచం నిలబడిందని తెలియగానే ఫిరంగి పెరగడం మొదలైంది. ఇక్కడ కూడా తొందరపాటుకు మూల్యం ప్రాణాలతోనే చెల్లించారు. ఆర్మ్‌స్ట్రాంగ్ కనిపెట్టిన, వెనకనుంచి మందుగుండు కూరే ఫిరంగులను సరిగా పరీక్షించకముందే ఓడలకెక్కించారు. 1863లో జపాన్‌లోని కగోషిమా మీద కాల్పులు జరిపినప్పుడు 21 ఫిరంగులు 365 సార్లు పేలితే 28 ప్రమాదాలు జరిగాయి. దాంతో నావికాదళం భయపడి పాత పద్ధతికి, మూతి నుంచి కూరే ఫిరంగికి, వెనుదిరిగింది. ఆ వెనకడుగు మరో ప్రమాదానికి దారితీసింది. 1879 జనవరి 2న మర్మరా సముద్రంలో ‘థండరర్’ నౌక మీద ఒక ఫిరంగి పేలనేలేదన్న సంగతి ఆ హోరులో ఎవరికీ తెలియక, దానిలోనే రెండోసారి మందుగుండు కూరారు. అది బద్దలై పదకొండు మంది చనిపోయారు. వెనకనుంచి కూరే ఫిరంగి అయితే తలుపు తీయగానే లోపలి గుండు కంటపడి ఉండేది.

1860ల మధ్యకు ఒక్కో ఫిరంగి బరువు పాతిక టన్నులకు చేరింది. పన్నెండు అంగుళాల నోరు, ఆరువందల పౌన్ల గుండు. అలాంటి ఫిరంగులను వారియర్‌లోలా ఓడ రెండు పక్కలా కిటికీల వెంట వరసగా పెట్టడం కుదరదు. ఓడ ఆ బరువును మోయలేదు. తక్కువ ఫిరంగులు పెట్టి, వాటిని ఓడ నడుమకు తెచ్చి, అటూ ఇటూ తిప్పగలిగితే రెండు ఫిరంగులు నాలుగింటి పని చేస్తాయి. ఇలా ఆలోచించినవాళ్లలో నావికాధికారి కౌపర్ కోల్స్ ముఖ్యుడు. 1855లో అజోవ్ సముద్రంలో పీపాలు కట్టిన తెప్ప మీద ఫిరంగి నిలిపి, ‘లేడీ నాన్సీ’ అని పేరు పెట్టి, లోతు లేని నీటిలో శత్రువు దగ్గరికి వెళ్లి కాల్చిన మనిషి. 1859లో తిరిగే ఫిరంగి బురుజుకు పేటెంటు తీసుకున్నాడు. అందరూ దాన్ని టరెట్ అన్నారు.

కోల్స్ టరెట్ మంచి యంత్రం. ఈ మాట స్పష్టంగా చెప్పాలి, ఎందుకంటే తరవాతి కాలంలో ఆయన్ను పిచ్చి పట్టుదల గల మనిషిగా మాత్రమే చూపించారు. అమెరికాలో ఎరిక్సన్ ‘మానిటర్’ మీద పెట్టిన టరెట్ ఒక నడిమి ఇరుసు మీద బరువు ఆనేది. తిప్పాలంటే ముందు దాన్ని పైకి ఎత్తాలి. కోల్స్ టరెట్ చుట్టూ ఉన్న రోలర్ల మీద తిరుగుతుంది. సగం బురుజు డెక్కు కిందే ఉంటుంది కనుక బరువు తక్కువ ఎత్తులో ఉంటుంది, శత్రువుకు కనిపించే భాగమూ తక్కువే. 1866లో ‘బెలరోఫాన్’ నౌక దగ్గరగా నిలిచి తొమ్మిది అంగుళాల ఫిరంగితో ‘రాయల్ సావరిన్’ టరెట్‌ను గురిచూసి కొట్టింది. దెబ్బలు తిన్నా ఆ టరెట్ తిరగడం ఆగలేదు. ఇరవయ్యో శతాబ్దపు యుద్ధనౌకలన్నీ మోసిన ఫిరంగి బురుజుల వంశంలో కోల్స్ పేరు మొదటి పుటలో ఉంటుంది.

చిక్కు టరెట్‌తో రాలేదు. టరెట్, ఎత్తు తక్కువ ఓడ, నిండు తెరచాపలు, ఈ మూడూ ఒకే ఓడలో కావాలన్న పట్టుదలతో వచ్చింది. టరెట్ నలువైపులా కాల్చాలంటే అడ్డుగోడలు ఉండకూడదు, కనుక ఓడ నీటి మట్టానికి దగ్గరగా ఉండాలి. నీటికి పైన తక్కువ ఒళ్లు ఉంటే కవచం వేయవలసిన చోటూ తగ్గుతుంది. ఇంతవరకూ తర్కం సరిగానే ఉంది. తెరచాపలు ఎందుకు? ఆనాటి ఆవిరి యంత్రాలు బొగ్గును విపరీతంగా తినేవి. బొగ్గు దొరికే రేవులు దూరదూరంగా ఉండేవి. ప్రపంచమంతా తిరగాల్సిన బ్రిటిష్ నౌక ఆవిరిని పోరుకు దాచుకుని, ప్రయాణమంతా గాలి మీద సాగించేది. దూరప్రాంతాలకు వెళ్లే ఓడ తెరచాప లేకుండా బయల్దేరకూడదన్నది అప్పటి నియమం. కోల్స్ ఆ నియమాన్ని ప్రశ్నించలేదు. మూడు కాళ్ల ముక్కాలి పీటల్లాంటి ఇనుప కూపకాలు నిలబెట్టి, టరెట్ల కాల్పులకు అడ్డొచ్చే తాళ్లను తగ్గించి, నావికాదళంలోకెల్లా ఎత్తయిన తెరచాపల వ్యవస్థను ఎత్తు తక్కువ ఓడ మీద ఎక్కించాడు.

ఓడ ఎందుకు మునిగిందో తెలుసుకోవడానికి పెద్ద గణితం అక్కర్లేదు. ఓడ బరువు ఒక బిందువు గుండా కిందికి లాగుతుంది. నీరు మరో బిందువు గుండా పైకి నెడుతుంది. ఓడ ఒక పక్కకు ఒరిగినప్పుడు ఆ పక్క పొట్ట మరింత నీటిలోకి దిగుతుంది, కనుక నీటి తోపుడు ఆ పక్కకు జరుగుతుంది. ఈ రెండు బిందువుల మధ్య అడ్డంగా ఏర్పడిన దూరమే ఓడను తిరిగి నిలబెట్టే పట్టు. ఒంపు పెరిగే కొద్దీ ఆ పట్టు పెరుగుతుంది, అయితే ఒరిగిన పక్క ఇంకా నీటి పైన ఒళ్లు మిగిలి ఉన్నంతవరకే. డెక్కు అంచు నీటిలో మునిగిన తరవాత నీటిలోకి కొత్తగా దిగడానికి ఆ పక్క ఏమీ మిగలదు. అక్కడినుంచి పట్టు పెరగడం మందగిస్తుంది, ఆగిపోతుంది, తరిగిపోతుంది, మాయమవుతుంది. మాయమైన కోణం దాటితే ఓడ ఇక లేవదు.

కెప్టెన్ నౌకకు డెక్కు అంచు పద్నాలుగు డిగ్రీల దగ్గరే నీటిని తాకేది. నిలబెట్టే పట్టు 21 డిగ్రీల దగ్గర గరిష్ఠానికి చేరి, 54 డిగ్రీల దగ్గర సున్నా అయ్యేది. అదే దళంలో అదే కాలంలో అడ్మిరల్టీ నిపుణుడు ఎడ్వర్డ్ రీడ్ రూపొందించిన ‘మోనార్క్’ ఉంది. దానికీ టరెట్లు ఉన్నాయి, అవే పాతిక టన్నుల ఫిరంగులు ఉన్నాయి, తెరచాపలు ఉన్నాయి. దాని డెక్కు నీటి మట్టానికి పద్నాలుగు అడుగుల ఎత్తున ఉండేది. దాని పట్టు 40 డిగ్రీల దాకా పెరుగుతూ పోయి 70కి దగ్గరగా కానీ సున్నా కాలేదు. 1870 ఆరంభంలో ఆ నౌక లండన్‌లో మరణించిన దాత జార్జ్ పీబాడీ భౌతికకాయాన్ని శీతకాలపు అట్లాంటిక్ దాటించి అమెరికాకు చేర్చింది. సెప్టెంబరు 6 రాత్రి గాలిలోనూ మోనార్క్ క్షేమంగా ఉంది. తుపానును నిందించేవారు ఈ సంగతికి జవాబు చెప్పాలి.

కెప్టెన్ డెక్కు కాగితం మీద ఎనిమిది అడుగుల ఎత్తున ఉండాలి. అదే తక్కువ. నీటిలోకి దిగాక ఆరున్నర అడుగులే మిగిలింది. కారణం, కట్టేటప్పుడు ఓడలోకి చేరిన అదనపు బరువు. అనుకున్న దానికంటే 700 టన్నులకు పైగా ఎక్కువైంది. బర్కెన్‌హెడ్‌లోని లెయిర్డ్ సంస్థ ఈ ఓడను కట్టింది. పేరున్న సంస్థే, అమెరికా అంతర్యుద్ధంలో ‘అలబామా’ను కట్టిన సంస్థ. ప్రతి రేకునూ, ప్రతి బోల్టునూ తూచి లెక్క రాసుకోవడం నౌకా నిర్మాణంలో మొదటి క్రమశిక్షణ. ఆ క్రమశిక్షణ ఇక్కడ సడలింది. కోల్స్ ఆ కాలంలో చాలాభాగం అనారోగ్యంతో ఉన్నాడు, యార్డును దగ్గరుండి చూడలేకపోయాడు. అడ్మిరల్టీ నిపుణులు బరువు గురించి హెచ్చరిస్తూనే ఉన్నారు. హెచ్చరిక రాసిన ప్రతిసారీ తమ వంతు తీరిందనుకున్నారు.

మనం బోనెక్కించవలసిన మొదటి వ్యక్తి, నా దృష్టిలో, కోల్స్ కాదు. ఆయన పత్రికల్లో దుమారం రేపాడు, అడ్మిరల్టీ నియమించిన నిపుణులను బహిరంగంగా నిందించాడు, తన లెక్క సరిచూడమన్నవాళ్లను శత్రువులుగా చూశాడు. అది నేరం కాకపోయినా పెద్ద తప్పే. అయినా ఆయన నమ్మింది నిజంగా నమ్మాడు. ఆ నమ్మకంతోనే ఆ రాత్రి ఆ ఓడ మీద ఉన్నాడు, దానితోపాటే మునిగాడు. ఆయనకు ఇంతకంటే కఠినమైన శిక్ష ఎవరూ వేయలేరు.

ఎడ్వర్డ్ రీడ్ సంగతి వేరు. 1863 నుంచి ప్రధాన నిర్మాణ నిపుణుడు. తన కాలంలో ఓడల స్థిరత్వం గురించి ఆయనకంటే ఎక్కువ తెలిసినవాళ్లు చాలా కొద్దిమంది. ఎత్తు తక్కువ మానిటర్ తరహా ఓడల మీద తెరచాపలు ఎత్తితే ఏమవుతుందో 1868లోనే నౌకా నిర్మాణ నిపుణుల సంస్థ ముందు పత్రం చదివాడు. బొంబాయి రేవు రక్షణ కోసం ఇండియా ఆఫీసు తెప్పించిన ‘మగ్దలా’ ఆయన నమూనానే. నీటికి దగ్గరగా ఉండే ఆ ఓడకు నడుమ ఎత్తయిన కవచపు గోడ కట్టి, దాని మీద టరెట్లు నిలిపి, రేవులో ఆవిరి మీదే నడిచేటట్టు రూపొందించాడు. అంటే ఎత్తు తక్కువ ఓడ ఎక్కడ పనికొస్తుందో, ఎక్కడ చంపుతుందో ఆయనకు పూర్తిగా తెలుసు.

అలాంటి మనిషి 1866లో కోల్స్, లెయిర్డ్‌ల నమూనా తన ముందుకు వచ్చినప్పుడు ఏం చేశాడు? బరువు పెరిగే ప్రమాదం ఉందని రాశాడు. ‘ఆమోదించడమైనది’ అనే మాట తన శాఖ ఆ చిత్రాల మీద వాడకూడదని పట్టుబట్టాడు. అడ్మిరల్టీ ఆ నమూనాకు ‘అభ్యంతరం చెప్పబోము’ అంది, బాధ్యత మాత్రం కోల్స్‌దీ లెయిర్డ్ సంస్థదీ అని తేల్చింది. రీడ్ ఉద్దేశం అర్థం కానిది కాదు. మంత్రులు, పార్లమెంటు, పత్రికలు కలిసి ఆ ఓడను కట్టించి తీరతారని ఆయనకు తెలుసు. తన పేరు ఆ తప్పులో ఉండకూడదనుకున్నాడు. కానీ ఆ ఓడలో ఎక్కే అయిదు వందల మందికి ఆ పదాల తేడా తెలియదు. వాళ్లు ఎక్కింది రాణి నౌకాదళపు ఓడ. దాని మీద ఎగిరింది రాణి జెండా. ప్రైవేటు మనిషి సొంత పూచీ మీద తేలుతున్న ఓడ అని ఎవరూ వాళ్లకు చెప్పలేదు. 1870 జూలైలో రీడ్ రాజీనామా చేసి వెళ్లిపోయాడు. నిజాన్ని ముందే చూసిన కీర్తి ఆయనకు ఇవ్వాలి. ఆ నిజాన్ని తన పేరు కాపాడుకోవడానికి వాడినంతగా ఆ ఓడను ఆపడానికి వాడలేదన్న నిందా ఆయనే మోయాలి.

పత్రికల గురించి రాయకుండా పత్రిక ఈ తీర్పు చెప్పకూడదు. లండన్ ‘టైమ్స్’ కోల్స్ పక్షాన నిలిచింది. ఒంటరి ఆవిష్కర్తను కార్యాలయాల మొండితనం తొక్కేస్తోందన్న కథ పాఠకులకు నచ్చుతుంది. రాసేవాడికి ఇంకా నచ్చుతుంది. అటువంటి అన్యాయాలు నిజంగా జరిగాయి, ఇప్పుడూ జరుగుతాయి. అందుకే ఆ కథ అంత తేలిగ్గా నమ్మిస్తుంది. అయితే కొత్త యంత్రం పక్షాన గొంతెత్తే ముందు దాని లెక్క అడిగి చదవడం సంపాదకుడి విధి. 1862 డిసెంబరు 31న ఎరిక్సన్ మానిటర్ హాటెరస్ అగ్రం దగ్గర గాలివానలో మునిగి పదహారు మంది చనిపోయారు. ఎత్తు తక్కువ ఓడ నడిసముద్రంలో ఎలా ఉంటుందో చెప్పడానికి అంతకంటే పెద్ద సాక్ష్యం ఏముంది? లండన్‌లో సంపాదకీయాలు రాసిన వారి ముందు ఆ వార్త ఉంది. దాన్ని పక్కన పెట్టి పార్లమెంటును ఎగదోశారు. తమ పాఠకులకు ఆ పత్రికలు జవాబు బాకీ పడ్డాయి.

అయినా దోషంలో పెద్ద వాటా 1868 డిసెంబరు నుంచి అడ్మిరల్టీ ప్రథమాధిపతిగా ఉన్న హ్యూ చైల్డర్స్‌ది. ఓడను మొదట అనుమతించింది ఆయన కాదు. 1866లో ఆ పదవిలో ఉన్న సామర్సెట్ డ్యూక్. ఆ మేరకు చైల్డర్స్‌కు వారసత్వంగా వచ్చిన తప్పు ఇది. కానీ వారసత్వంగా వచ్చిన ఓడను పరీక్షించకుండా సముద్రానికి పంపించాలని ఎవరూ ఆయనకు చెప్పలేదు. ఖర్చు తగ్గించే సంస్కరణల పేరుతో అడ్మిరల్టీ బోర్డును ముక్కలు చేసింది ఆయనే. సభ్యులంతా కూర్చుని మాట్లాడుకునే సమావేశాలు దాదాపు ఆగిపోయాయి. కంట్రోలర్ స్పెన్సర్ రాబిన్సన్‌కు ప్రథమాధిపతితో పొసగలేదు. ఏ శాఖకు ఏం తెలుసో పక్క శాఖకు తెలియని కార్యాలయాన్ని ఆయన తయారుచేశాడు. అటువంటి కార్యాలయంలో నిజం ఫైలులోనే ఉండిపోతుంది.

ఇక్కడ తేదీలను చూడండి. ఓడ ఏప్రిల్ చివర దళంలో చేరింది. మే నెలలో గాలివానలో బాగానే నడిచింది. తెరచాపల మీద మోనార్క్‌ను మించింది. అధికారుల నివేదికలు పొగిడాయి. ఆ పొగడ్తలు చాలనుకున్నారు. ఎంత ఒరిగితే పడిపోతుందో తెలుసుకునే ఒంపు పరీక్ష మాత్రం పోర్ట్స్‌మత్‌లో జూలై 29న కానీ జరగలేదు. అప్పటికి ఓడ మొదటి ప్రయాణం ముగించుకుని వచ్చింది. ఆ పరీక్ష మీద బార్న్స్ అనే నిపుణుడు వేసిన లెక్కలు ఆగస్టు నాలుగో వారంలో తయారయ్యాయి. నేను పైన రాసిన 21, 54 డిగ్రీలు ఆ లెక్కల్లోవే. ఓడ అప్పటికే స్పెయిన్ తీరం వైపు సాగుతోంది. ఆ సంఖ్యలు ఓడ నాయకుడు బర్గోయిన్‌కు అందలేదు. క్రిమియా యుద్ధంలో విక్టోరియా క్రాస్ పొందిన ధీరుడు ఆయన. ఎన్ని డిగ్రీలు ఒరిగితే తెరచాపలు దించాలో చెప్పి ఉంటే దించి ఉండేవాడు. ఆయన చేతికి ఓడను ఇచ్చారు, దాని హద్దును ఇవ్వలేదు.

ఇక్కడే ఒక అభ్యంతరం వినిపిస్తుంది. స్థిరత్వం మొత్తాన్ని గీతగా గీసి చూపే పద్ధతి అప్పటికి కొత్తది కదా, ఆనాటివారిని ఈనాటి జ్ఞానంతో శిక్షించవచ్చా అని. పెద్ద ఒంపుల దగ్గర ఓడ ఎలా ప్రవర్తిస్తుందో జార్జ్ అట్‌వుడ్ 1790లలోనే లెక్కగట్టాడు. రీడ్ పత్రం చదివి రెండేళ్లయింది. లెక్క వేయగల మనుషులు అదే శాఖలో ఉన్నారు, వాళ్లు వేసే పెట్టారు. కాబట్టి ఆ అభ్యంతరాన్ని మేము తిరస్కరిస్తున్నాం. లోపించింది జ్ఞానం కాదు, దాన్ని సకాలంలో అడిగే అధికారి.

సెప్టెంబరు 6 పగలు దళాధిపతి అలెగ్జాండర్ మిల్న్ కెప్టెన్ నౌక ఎక్కి స్వయంగా చూశాడు. ఒంపు పన్నెండు, పద్నాలుగు డిగ్రీలకు వెళ్తున్నప్పుడు గాలి వాలున ఉన్న డెక్కు అంచు నీటిలో మునుగుతోంది, అలలు టరెట్లను తాకుతున్నాయి. ఇలాంటి ఓడలు తనకు అలవాటు లేవని, ఆ దృశ్యం తనకు నచ్చలేదని కోల్స్‌కూ బర్గోయిన్‌కూ చెప్పాడు. ప్రమాదం లేదని వాళ్లు నమ్మకంగా జవాబిచ్చారు. ఆయన సాయంత్రం తన ‘లార్డ్ వార్డెన్’ నౌకకు తిరిగి వెళ్లిపోయాడు. రాత్రి గాలి పెరిగింది. పన్నెండు దాటాక ఓడ ఒంపును డిగ్రీల్లో కేకవేసి చెబుతున్నారు: పద్దెనిమిది, ఇరవై మూడు, ఇరవై ఎనిమిది. ఓడకున్న గరిష్ఠ పట్టు 21 దగ్గరే అయిపోయిందని ఆ కేకలు విన్న ఒక్కరికీ తెలియదు. తెరచాపల తాళ్లు వదలమని బర్గోయిన్ అరిచాడు. అప్పటికే డెక్కు మీద నిలబడటం సాధ్యం కాలేదు. తిరగబడిన పడవ మీద కాసేపు కనిపించిన బర్గోయిన్ కూడా బతకలేదు. గన్నర్ మే, మరి పదిహేడుగురు ఒక పెద్ద పడవ ఎక్కి, గంటల తరబడి తెడ్లు వేసి ఫినిస్టెర్ తీరం చేరారు.

చనిపోయినవారిలో చైల్డర్స్ కొడుకు లెనార్డ్ ఉన్నాడు. నేవీలో శిక్షణ పొందుతున్న కుర్రవాడు. కొత్త ఓడ మీద నమ్మకం ఉందని లోకానికి తెలియాలని తండ్రే మోనార్క్ నుంచి అక్కడికి మార్పించాడు. ఆ తండ్రి దుఃఖాన్ని ఎవరూ తక్కువ చేయరాదు. అయితే దానికి జాలిపడి తీర్పు మార్చలేం. కొడుకును ఎక్కించేంత నమ్మకం ఆయనకు ఎక్కడినుంచి వచ్చింది? తన సొంత శాఖ లెక్కల నుంచి కాదు. వాటిని ఆయన అడగలేదు. పత్రికల నుంచి, మే నెల పొగడ్తల నుంచి వచ్చింది.

ప్రమాదం తరవాత చైల్డర్స్ సుదీర్ఘమైన నోట్ రాసి రాబిన్సన్, రీడ్‌ల మీద తప్పు మోపాడు. రాబిన్సన్ 1871 ఆరంభంలో పదవి కోల్పోయాడు. ఇది అన్యాయం. రాబిన్సన్ వ్యతిరేకించాడన్న సంగతిని సైనిక న్యాయస్థానమే నమోదు చేసింది. వ్యతిరేకించి ఓడిపోయిన అధికారిని, ఆయన మాట వినని వ్యక్తే శిక్షించాడు. రాబిన్సన్ మీద న్యాయంగా వేయదగిన ఆరోపణ ఒక్కటే: తన శాఖ లెక్కలు పూర్తయిన రోజునే దళాధిపతికి వాటిని పరుగున పంపించకపోవడం. దానికి శిక్ష ఉంటే, సమావేశాలు ఆపి ఆ శాఖల మధ్య గోడలు కట్టిన మంత్రికి ముందు ఉండాలి.

నౌకా నిర్మాణం మాత్రం పాఠం నేర్చింది. 1871 జనవరిలో నిపుణుల కమిటీ కూర్చుంది. అదే ఏడాది నీటిలోకి దిగిన ‘డెవాస్టేషన్’ రీడ్ నమూనా. దానికి తెరచాపలే లేవు. నడుమ కవచపు గోడ, రెండు కొసల టరెట్లు, ముప్పై అయిదు టన్నుల ఫిరంగులు, ఆవిరి యంత్రం, అంతే. దాన్ని చూసి మొదట భయపడ్డారు, కెప్టెన్ గుర్తుకొచ్చి. బార్న్స్ లెక్కల తరహా గీతలు ఆ తరవాత ప్రతి ఓడకూ తప్పనిసరి అయ్యాయి. ఆ ఏళ్లలోనే విలియం ఫ్రూడ్‌కు టార్కీలో నమూనా ఓడలను నీటిలో లాగి పరీక్షించే తొట్టి కట్టుకోవడానికి అడ్మిరల్టీ డబ్బు ఇచ్చింది. ఈనాడు విశాఖపట్నంలోని నావికా శాస్త్ర సాంకేతిక ప్రయోగశాలలో నమూనా ఓడలను లాగి చూసే పొడవాటి తొట్టి ఆ వంశంలోదే. అక్కడ పనిచేసేవారికి పట్టు, హద్దు, సున్నా అయ్యే కోణం అన్నవి రోజూ పలికే మాటలు.

మా తీర్పు ఇది. కోల్స్ తప్పు చేశాడు, ప్రాణంతో తీర్చుకున్నాడు. లెయిర్డ్ సంస్థ తూకాన్ని నిర్లక్ష్యం చేసింది. రీడ్ తెలిసీ తప్పించుకున్నాడు. 1866 నాటి బోర్డు బాధ్యతను బయటివారికి అప్పగించి అనుమతిని తన దగ్గర ఉంచుకుంది. పత్రికలు లెక్క చదవకుండా గొంతెత్తాయి. ఈ అందరి తప్పులనూ సరిదిద్దే అధికారం 1870 వేసవిలో ఒక్క చైల్డర్స్ చేతిలో ఉంది. ఒంపు పరీక్ష ఫలితం వచ్చేదాకా ఓడను రేవులో నిలిపి ఉంచమని ఒక్క ఆదేశం ఇచ్చి ఉంటే సరిపోయేది. ఆయన ఆ ఆదేశం ఇవ్వలేదు. 1871 మార్చిలో అనారోగ్య కారణంతో అడ్మిరల్టీ వదిలాడు. 1880లో యుద్ధ మంత్రి అయ్యాడు, 1882లో ఆర్థిక మంత్రి అయ్యాడు. ఆ పదవుల్లో దేన్నీ ఆయనకు ఇచ్చి ఉండకూడదు.